పంజరంలోకి జబ్బు ఏ దారిన వస్తుంది

హనుమకొండలోనో, కాజీపేటలోనో, కరీంనగర్‌లోనో ఒక బాల్కనీలో వేలాడే పంజరాన్ని చూస్తే అందులో ఉండేవి చాలావరకు ఆస్ట్రేలియా మెట్ట మైదానాలకు చెందిన బడ్జెరిగార్లు. మన దగ్గర అందరూ వాటిని లవ్ బర్డ్స్ అనే పిలుస్తారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, దుకాణాల్లో వాటిని ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ అని విడిగా చెప్పి అమ్ముతారు. రెండు జతలు ఏడాదిగా ఏ ఇబ్బందీ లేకుండా ఉంటున్న అలాంటి పంజరంలోకి ఒక ఆదివారం కొత్త జత వస్తుంది. పిల్లల ముచ్చట తీర్చడానికి ఆ సాయంత్రమే దాన్ని పాత వాటితో కలిపేస్తారు. పది పదిహేను రోజుల తరువాత పాత పక్షుల్లో ఒకటి ఈకలు ఉబ్బించుకొని మూలకు చేరుతుంది, మరో రెండు రోజులకు చనిపోతుంది. కొత్త జత మాత్రం కులాసాగా గింజలు ఒలుచుకుంటూ ఉంటుంది. ఎండ దెబ్బ అనో, గాలి మారిందనో, దిష్టి తగిలిందనో ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. కొత్త పక్షులు ఆరోగ్యంగా కనిపిస్తున్నాయి కాబట్టి అనుమానం వాటి మీదికి పోదు.

పక్షుల అంటువ్యాధుల్లో తిరకాసంతా ఇక్కడే ఉంది. నలతగా కనిపించిన పక్షిని గద్ద ముందుగా ఎంచుకుంటుంది కాబట్టి, ఓపిక ఉన్నంతవరకు జబ్బును దాచుకోవడం పక్షి స్వభావం. ఈకలు ఉబ్బించి, కళ్ళు మూసి, పంజరం అడుగున కూర్చున్న పక్షికి జబ్బు ఆ రోజు మొదలై ఉండదు, చాలా రోజుల కిందటే మొదలై ఉంటుంది. దీనికి తోడు కొన్ని క్రిములు తాము చేరిన పక్షిని చంపకుండా అందులోనే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కాపురం ఉంటాయి. క్లమిడియా సిటాసి అనే బ్యాక్టీరియా అలాంటిదే. పక్షి పైకి బాగానే ఉంటుంది గానీ ప్రయాణం, ఇరుకు, ఆకలి, చలి వంటి ఒత్తిడి తగిలినప్పుడు దాని రెట్టలోను, ముక్కు నుంచి కారే నీటిలోను ఆ బ్యాక్టీరియా బయటికి రావడం మొదలవుతుంది. పెంచినవారి దగ్గర నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి, అక్కడి నుంచి అట్టపెట్టెలో ఇంటికి చేరే పక్షి సరిగ్గా ఆ ఒత్తిళ్ళన్నీ ఒకే వారంలో అనుభవించి వస్తుంది. అంటే పైకి బాగుంటూనే క్రిమిని మోసే ఇలాంటి వాహక పక్షి అన్నిటికన్నా ఎక్కువగా క్రిములు విడిచేది మన ఇంటికి వచ్చిన తొలి రోజుల్లోనే.

బడ్జెరిగార్లలో పాలియోమా వైరస్ ఇంకో తీరుగా పనిచేస్తుంది. పెద్ద పక్షులకు పెద్దగా ఏమీ కాదు, గూటిలోని పిల్లలు మాత్రం ఉన్నట్టుండి రాలిపోతాయి. బతికిన వాటికి రెక్కల్లో, తోకలో పెద్ద ఈకలు సరిగా రాక, ఎగరలేక అడుగున పరుగులు తీస్తుంటాయి. చిలుక జాతి పక్షుల ముక్కును, ఈకలను పాడుచేసే సర్కోవైరస్ ఈకల పొడిలోను, రెట్టలోను బయటికి వచ్చి పరిసరాల్లో చాలాకాలం చావకుండా ఉంటుంది. దానికి మందు లేదు. ఈ రెండింటిలో ఏది వచ్చినా పెంపకందారు చేయగలిగింది కొత్త పక్షులను తేవడం ఆపి, గూళ్ళు తీసేసి, కొన్ని నెలలపాటు గుడ్లు పొదగనీయకుండా ఉండడం మాత్రమే. అమ్మకం కోసం పెంచేవారికి ఇది నిజంగా కష్టమైన పని, అందుకే ఎక్కువమంది చేయరు.

కొత్త పక్షిని కనీసం 30 రోజులు, వీలైతే 45 రోజులు వేరుగా ఉంచాలన్న నియమం ఈ కారణం చేతనే పుట్టింది. క్వారంటైన్ అనే మాట కరోనా కాలం నుంచి ఊరూరా తెలిసిందే అయినా, పక్షుల విషయానికి వచ్చేసరికి దాన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు. అదే బాల్కనీలో రెండడుగుల దూరాన ఇంకో పంజరం తగిలించి వేరుగా పెట్టామని అనుకుంటారు. ఎండిన రెట్ట పొడికి, ఈకల ధూళికి రెండడుగులు ఒక లెక్క కాదు. వేరే గది, మూసిన తలుపు, వేరే గిన్నెలు, తుడవడానికి వేరే గుడ్డ ఉంటేనే అది వేరుగా ఉంచినట్టు. రెండు గదుల ఇంట్లో అంత చోటు లేకపోతే పక్షులు, కోళ్ళు లేని బంధువుల ఇంట్లో ఆ నెలన్నర ఉంచడం మేలు. రోజూ పని చేసే వరస కూడా ముఖ్యమే: ముందు పిల్లలున్న గూళ్ళు, తరువాత పాత పక్షులు, అందరికన్నా చివర కొత్తవి. కొత్తవాటి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కొని, చొక్కా మార్చుకొని గానీ పాత పంజరం వైపు వెళ్ళకూడదు. గడువు మధ్యలో ఇంకొక పక్షిని అదే గదిలోకి తెస్తే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది.

ఆ నెలన్నర ఊరికే గడిచిపోవడానికి కాదు, పక్షిని గమనించడానికి. బంగారపు పనివాడి త్రాసు అక్కర్లేదు, గ్రాము వరకు చూపించే వంటింటి డిజిటల్ కాంటా చాలు. బడ్జెరిగార్ బరువు మామూలుగా 30 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటుంది. 35 గ్రాముల పక్షి వారం తిరిగేసరికి 31 గ్రాములకు దిగితే, అది ఎంత హుషారుగా అరుస్తున్నా సరే, లోపల ఏదో జరుగుతోందన్న మాటే. చిన్న కాగితపు సంచిలోనో, మూత ఉన్న డబ్బాలోనో పెట్టి, దాని బరువు తీసేసి లెక్కవేయడం రెండు నిమిషాల పని. చేత్తో చూసుకోవాలంటే రొమ్ము మధ్య ఎముకకు ఇరుపక్కల వేళ్ళతో తడిమితే తెలుస్తుంది: కండ నిండుగా ఉంటే ఎముక అంచు కొద్దిగానే తగులుతుంది, చిక్కిన పక్షిలో అది కత్తి వాదరలా నిలబడి ఉంటుంది.

బరువు తరువాత చూడవలసింది రెట్ట. పంజరం అడుగున పాత వార్తాపత్రిక కాకుండా తెల్ల కాగితం ఒక రాత్రి పరిచి ఉంచితే తెల్లారేసరికి కావలసినంత సమాచారం దాని మీదే ఉంటుంది. ఆరోగ్యమైన రెట్టలో మూడు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి: ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో చుట్టలా ఉండే మలం, దాని మీద సున్నం చుక్కలాంటి తెల్లని భాగం, చుట్టూ కాగితం మీద ఇంకిన కాస్త నీరు. సున్నంలా ఉండవలసిన భాగం పసుపుకో, గాఢమైన ఆకుపచ్చకో తిరిగితే కాలేయం దెబ్బతిన్నదని అనుమానించాలి, చిలుక జాతుల్లో క్లమిడియా గుర్తుకు రావాలి. ముందురోజు పాలకూరో, కొత్తిమీరో ఎక్కువ తిన్న పక్షి రెట్ట కూడా ఆకుపచ్చగా, పలచగా ఉంటుంది కాబట్టి ఒక్క రోజు చూసి బెంబేలు పడనక్కర్లేదు. గింజలు అరగకుండా అలాగే రెట్టలో వస్తూ, పక్షి పొద్దస్తమానం తింటూనే చిక్కిపోతుంటే అది మెగాబ్యాక్టీరియా అని వాడుకలో పిలిచే జీర్ణాశయపు ఈస్ట్ కావచ్చు. ఆ పేరు వచ్చిన నాటికి దాన్ని బ్యాక్టీరియా అనుకున్నారు, తరువాత అది ఈస్ట్ జాతి శిలీంధ్రమని తేలింది. పొరపాటు పేరు మాత్రం నిలిచిపోయింది, దానితోపాటు దానికి యాంటీబయాటిక్ వేసే పొరపాటు కూడా. అప్పుడే వేసిన రెట్టను సూక్ష్మదర్శిని కింద చూస్తే ఇది, నులిపురుగుల గుడ్లు, కాక్సీడియా అనే పేగు పరాన్నజీవులు అన్నీ ఒకే పరీక్షలో బయటపడతాయి. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే వస్తుంది, అయినా పక్షులున్నవారు అన్నిటికన్నా తక్కువగా చేయించే పరీక్ష ఇదే. ఖరీదైన చిలుకలు కొనేవారు ఈకతోనో, రక్తపు చుక్కతోనో క్రిమి ఆనవాలు పట్టే పీసీఆర్ పరీక్ష కూడా చేయించి, ఫలితం వచ్చాకే పాతవాటితో కలపడం మంచిది.

క్రిమి ఒకసారి లోపలికి వచ్చాక అది ఒక పక్షి నుంచి ఇంకొకదానికి పాకే ప్రధానమైన దారి రెట్ట. కాక్సీడియా గుడ్లు రెట్టలో పడిన వెంటనే అంటవు. తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో సోకే దశకు వస్తాయి. ఏలికపాముల గుడ్లకు రెండు మూడు వారాలు పడుతుంది. రోజూ అడుగు కాగితం మార్చమని చెప్పడంలో శుభ్రత కన్నా పెద్ద కారణం ఇది: ఆ గుడ్లు పండే లోపే వాటిని ఇల్లు దాటించడం. పెరట్లో జాలీ గది కట్టుకొని పదుల సంఖ్యలో పక్షులను వదిలేవారికి మట్టి నేల అందంగా కనిపిస్తుంది గానీ, ఆ గుడ్లకు అంతకన్నా అనువైన చోటు లేదు. నీరు జారిపోయేలా వాలుగా వేసిన సిమెంటు గచ్చు మేలు. వాలే కర్రలను ఒకదాని కింద ఒకటి రాకుండా, తిండి, నీళ్ళ గిన్నెల మీదుగా పోకుండా అమర్చితే సగం పని అయినట్టే.

బడ్జెరిగార్లకు గూడుగా కట్టే మట్టికుండ సంగతి వేరే చెప్పుకోవాలి. కుండ చవక, లోపల చల్లగా ఉంటుంది, పక్షులు ఇష్టంగా గుడ్లు పెడతాయి. కానీ కాల్చిన మట్టి తడిని పీల్చుకున్నట్టే రెట్టలోని క్రిములను కూడా పీల్చుకుంటుంది, ఎంత కడిగినా అవి రంధ్రాల్లోంచి పూర్తిగా పోవు. పిల్లలు బయటికి వచ్చాక ఆ కుండను పగలగొట్టి పారేసి కొత్తది కట్టడం, దాన్ని కడిగి తిరిగి వాడడం కన్నా అన్ని విధాలా తక్కువ ఖర్చు. చెక్కపెట్టెలకూ ఇదే ఇబ్బంది ఉంది, పైగా చెక్క పగుళ్ళలో ఎర్ర పేలు పగలంతా దాగి రాత్రిళ్ళు బయటికి వచ్చి పక్షుల రక్తం తాగుతాయి. రాత్రి టార్చిలైటు వేసి చూస్తే, లేదా సాయంత్రం తెల్లగుడ్డ కప్పి తెల్లవారుజామున దాన్ని పరికిస్తే కదిలే ఎర్ర చుక్కలు కనిపిస్తాయి.

క్రిమిసంహారక మందు విషయంలో ఎక్కువగా జరిగే తప్పు, రెట్ట గట్టిపడిన తట్ట మీదనే దాన్ని చల్లడం. బ్లీచ్ ఆ మురికితోనే కలిసి ఖర్చయిపోతుంది, కింద ఉన్న క్రిమికి చేరదు. పక్షులను వేరే చోటికి మార్చి, సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఆ తరువాత ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, బాగా కడిగి, ఎండలో ఆరబెట్టాలి. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను దానితో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మనిషికన్నా ముందు పక్షిని చంపుతుంది. కాక్సీడియా గుడ్లను బ్లీచ్ పెద్దగా ఏమీ చేయలేదు, వాటికి మరిగే నీళ్ళు, ఎండిపోవడం మాత్రమే విరుగుడు. ఆ లెక్కన రోహిణి కార్తె ఎండ మనకు ఉచితంగా దొరికే క్రిమిసంహారిణి. రామగుండం, వరంగల్ వైపు మే నెలలో ఒక మధ్యాహ్నం డాబా మీద పెట్టిన ఖాళీ పంజరం సాయంత్రానికి ఎముకలా ఎండుతుంది.

ఆ ఎండే పక్షులున్న పంజరానికి వేరే చిక్కు తెచ్చిపెడుతుంది. వేసవిలో నీళ్ళ గిన్నెలో రెట్ట, పొట్టు పడితే కొన్ని గంటల్లోనే క్రిములు పెరుగుతాయి, గిన్నె లోపలి గోడకు జిగురు పొర పడుతుంది. నీళ్ళు మార్చడం కన్నా ఆ పొరను వేళ్ళతో రుద్ది తీయడం ముఖ్యం, రోజుకు రెండుసార్లు. నానబెట్టిన గింజలు, ఉడికించిన గుడ్డు రెండు గంటలు దాటి ఉంచకూడదు.

మృగశిర దాటి ముసురు పట్టాక సమస్య గింజల్లోకి, దోమల్లోకి మారుతుంది. కొర్రలు, సజ్జలు, సామలు తేమ పట్టి బూజు వాసన వేస్తే వాటిని ఎండబెట్టి పెట్టడం పొదుపు అనిపించుకోదు. బూజు విడిచిన విషం ఎండకు పోదు, బూజు బీజాలు పక్షి ఊపిరితిత్తుల్లోకి, గాలితిత్తుల్లోకి చేరి ఆస్పర్జిల్లోసిస్ అనే శ్వాస జబ్బు తెస్తాయి. అది ఒక పక్షి నుంచి ఇంకొకదానికి అంటదు గానీ, ఒకే సంచి తిన్న అన్నిటికీ ఒకేసారి రావడంతో అంటువ్యాధిలాగే కనిపిస్తుంది. పక్షుల మశూచిని దోమలు మోస్తాయి. కళ్ళ చుట్టూ, ముక్కు మొదట్లో, కాళ్ళ మీద పొక్కులు లేచి పెచ్చులు కడతాయి, గొంతులోపల లేస్తే పక్షి తినలేక చనిపోతుంది. పావురాలకు, కోళ్ళకు, కెనరీలకు వేర్వేరు మశూచి వైరస్‌లు ఉన్నా దారి ఒకటే. పిచ్చుకలను ఆపే అర అంగుళం జాలీ దోమలను ఆపదు, వానకాలం సాయంత్రాలు దాని మీద దోమతెర వేయక తప్పదు. చుట్టూ పాత టైర్లలో, పూలకుండీల పళ్ళేల్లో నీళ్ళు నిలిచి ఉంటే ఆ తెర కూడా ఎంతో కాలం కాపాడలేదు.

చలికాలంలో ఆదిలాబాద్, నిర్మల్ వైపు తెల్లవారుజామున గడ్డకట్టించే చలికి భయపడి జాలీ గదిని నలువైపులా టార్పాలిన్‌తో బిగించేస్తారు. గాలి ఆడక, రెట్ట నుంచి లేచే అమ్మోనియా లోపలే నిలిచి, పక్షుల శ్వాసనాళపు పొర దెబ్బతిని దగ్గు, తుమ్ముల జబ్బులకు తలుపు తీస్తుంది. గాలి వీచే వైపు, పైకప్పు మూసి, పైన ఒక పక్క జానెడు సందు వదలడం సరిపోతుంది.

ఉత్తర తెలంగాణ ఇళ్ళలో పంజరపు పక్షి తరచుగా ఒంటరిగా ఉండదు. పెరట్లో నాటుకోళ్ళు, డాబా మీద పావురాలు, వాటితో కలిసి తినడానికి దిగే ఊరి పావురాలు, కాకులు ఉంటాయి. కొక్కెర తెగులు ఈ అందరినీ కలిపే జబ్బు. 1920లలో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో ఉన్న రాణీఖేత్ దగ్గర కనిపించినందువల్ల మన దేశంలో దానికి రాణీఖేత్ వ్యాధి అనే పేరు వచ్చింది, ప్రపంచమంతా న్యూకాజిల్ వ్యాధి అంటుంది. కోళ్ళు ఆకుపచ్చగా పారుకొని, నోరు తెరిచి శ్వాస తీస్తూ, మెడలు వంకర తిరిగి చనిపోతాయి. పావురాల్లో ఇదే కుటుంబపు వైరస్ వస్తే మెడ మెలితిరిగి, గింజను గురి చూసి పొడిచినా ముక్కు పక్కకు పోతుంది. చిలుకలకూ ఇది సోకుతుంది. బాల్కనీ పక్షులకు మన దగ్గర మామూలుగా వేసే టీకాలంటూ లేవు కాబట్టి వాటి రక్షణ చాలావరకు పెరటి కోళ్ళకు వేసే టీకా మీద ఆధారపడి ఉంది: కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్కగా లాసోటా, రెండు నెలలు దాటాక ఆర్‌2బి ఇంజక్షను. టీకా సీసాను ఐసు డబ్బాలో తేకుండా చొక్కా జేబులో తెచ్చి వేస్తే వేసినట్టే ఉంటుంది గానీ పనిచేయదు.

బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో కనిపించినప్పుడు తెలంగాణ సరిహద్దుల్లో కోళ్ళ లారీలను ఆపారు. అలాంటి రోజుల్లో పక్షులున్న ఇంటివారు కోళ్ళఫారానికో, చికెన్ దుకాణానికో వెళ్ళి వచ్చిన చెప్పులతో జాలీ గదిలోకి వెళ్ళకపోవడం, జాలీ పైకప్పు మీద రేకు వేసి అడవి పక్షుల రెట్ట లోపలికి రాలకుండా చూడడం అన్నిటికన్నా ఉపయోగపడే జాగ్రత్తలు.

జబ్బు రాకుండా అని చెప్పి నెలనెలా నీళ్ళలో టెట్రాసైక్లిన్ పొడి కలపడం ఒక అలవాటుగా స్థిరపడింది. కోళ్ళ మందుల దుకాణాల్లో అది అడగగానే ఇస్తారు కాబట్టి మంచిదే అయి ఉంటుందని అనుకుంటారు. బడ్జెరిగార్ ఎడారి నేలల పక్షి, నీళ్ళు చాలా తక్కువ తాగుతుంది. చేదు నీళ్ళయితే ఇంకా తక్కువ. మందు చాలినంత లోపలికి చేరదు, చేరిన కాస్తా పంజరంలో వేలాడే సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) లోని కాల్షియంతో ముడిపడి ఒంటికి పట్టదు. ఈ అరకొర మోతాదుకు బలహీనమైన క్రిములు చచ్చి మొండివి మిగులుతాయి, పేగుల్లో ఈస్ట్ చెలరేగుతుంది, క్లమిడియా పూర్తిగా పోకుండా పరీక్షకు చిక్కకుండా దాక్కుంటుంది. నిజంగా క్లమిడియా ఉన్న చిలుకకు పశువైద్యుడి పర్యవేక్షణలో డాక్సీసైక్లిన్ సాధారణంగా 45 రోజులు ఇవ్వాలి. ఐదు రోజుల పొడి దాని ముందు ఏమూలకు? ఆ డబ్బుతో మునగాకు, క్యారెట్, గుమ్మడి ముక్క రోజూ పెట్టవచ్చు. ఒట్టి గింజలు తినే పక్షికి విటమిన్ ఎ చాలక నోటిలోను, శ్వాసనాళంలోను పొర గట్టిపడి క్రిములను అడ్డుకోలేకపోతుంది. చాలా ఇళ్ళలో మళ్ళీ మళ్ళీ వచ్చే జలుబు, కంటి వాపుల వెనక ఉన్నది ఈ లోపమే.

రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూలులో ఉంది. ఆ చట్టం సంగతి అలా ఉంచినా, చెట్టు తొర్రలోంచి తీసి దొంగచాటుగా అమ్మే పిల్లకు పెంపకంలో పుట్టిన పక్షికన్నా ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ. జబ్బు చేస్తే యజమాని కేసు భయంతో ఆసుపత్రికి తీసుకురాడు. అలా వైద్యం అందని పక్షి నుంచి పక్క పంజరాలకూ జబ్బు పాకుతుంది.

ఇంట్లో మనుషుల మాటకు వస్తే, 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన చిలుకల ద్వారా ఐరోపాలోను, అమెరికాలోను సిటకోసిస్ ప్రబలింది, 1930లో అమెరికా చిలుకల దిగుమతిని నిషేధించింది. పక్షి క్లమిడియానే మనిషికి సోకి సిటకోసిస్ అవుతుంది. సోకిన 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, పొడి దగ్గు మొదలై న్యుమోనియాకు దారితీయవచ్చు. సరైన మందు పడితే తగ్గుతుంది గానీ, ఇంట్లో పక్షులున్నాయని చెప్పకపోతే వైద్యుడికి ఆ అనుమానమే రాదు. ఎండిన రెట్టను పొరకతో ఊడ్చడం ఆ క్రిమిని నేరుగా ముక్కులోకి పంపడంతో సమానం కాబట్టి, ముందు నీళ్ళు చిలకరించి, మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో తీయాలి. గర్భిణులకు, వృద్ధులకు ఆ పని అప్పగించకూడదు.

ఇంత చూసుకున్నా పక్షి చనిపోవచ్చు. అప్పుడు దాన్ని చెత్తబుట్టలో వేయడంతో, మిగిలిన పక్షులను కాపాడగల ఒకే ఒక ఆధారం కూడా పోతుంది. చనిపోయిన పక్షిని సబ్బునీళ్ళతో తడిపి, రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి, ఫ్రిజ్‌లో తిండి పదార్థాలకు దూరంగా పెట్టాలి. ఫ్రీజర్‌లో పెడితే కణజాలం పగిలి పరీక్షకు పనికిరాదు. మండల పశువైద్యశాలల్లో పనంతా బర్రెలకు, మేకలకు, గొర్రెలకే సరిపోతుంది కాబట్టి, వరంగల్ చుట్టుపక్కలవారు మామునూరు పశువైద్య కళాశాలలో, జగిత్యాల వైపువారు కోరుట్ల కళాశాలలో పోస్టుమార్టం గురించి ముందుగా అడిగి, 24 గంటలు దాటకుండా తీసుకువెళ్ళడం మంచిది. సంచితోపాటు ఆ పక్షి ఎప్పుడు ఇంటికి వచ్చిందో, ఏం తిన్నదో, వారంవారం ఎంత బరువు తూగిందో, ఏ మందు వేశారో రాసిన కాగితం కూడా ఉండాలి. పెరట్లో కోళ్ళు, కాకులు కూడా ఒకేసారి రాలుతుంటే మాత్రం కళేబరాన్ని ముట్టుకోకుండా, ఎక్కడికీ మోసుకుపోకుండా, పశుసంవర్ధక శాఖ సిబ్బందికి కబురు పెట్టి వారు వచ్చేవరకు ఆగాలి.